జాన్ రాజు చివరి దారిలో: లిన్ నుంచి లింకన్ దాకా

మొదటి రోజు: కింగ్స్ లిన్

1216 అక్టోబర్ 9న ఇంగ్లండ్ రాజు జాన్ ఈ రేవు పట్టణానికి వచ్చాడు. అప్పటికి అతనికి మిగిలిన ఆయుష్షు పది రోజులు. ఆ పది రోజుల దారి చూడాలని, అతను పోయాక రాజ్యం ఏమైందో ఆ చోట్లు కూడా చూడాలని చాలా ఏళ్లుగా కోరిక. పీటర్‌బరోలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు సెలవు పెట్టి కారు తీశాడు.

రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా లా చదివిన వాళ్లందరికీ తెలుసు. 1215 జూన్‌లో రన్నీమీడ్ మైదానంలో బారన్లు, అంటే పెద్ద పెద్ద జాగీర్దార్లు, జాన్ మెడలు వంచి పత్రం మీద ముద్ర వేయించుకున్నారని మాకు పాఠం చెప్పారు. పాఠం అక్కడితో అయిపోయింది. నిజానికి ఆ పత్రం పది వారాలే బతికింది. జాన్ అడిగిందే తడవుగా పోప్ మూడో ఇన్నోసెంట్ ఆగస్టు 24న అది చెల్లదని ప్రకటించాడు. దాంతో యుద్ధం మొదలైంది. తిరగబడిన బారన్లు ఫ్రాన్స్ రాజు కొడుకు లూయీని పిలిచి, నువ్వే మా రాజువి అన్నారు. 1216 మేలో అతను సైన్యంతో దిగాడు, జూన్‌లో లండన్ అతని చేతికొచ్చింది. ఆ పరిస్థితుల్లో జాన్ ఇంకో పదేళ్లు బతికి ఉంటే మాగ్నా కార్టా పేరు ఈరోజు ఎవరికీ గుర్తుండేది కాదని నా నమ్మకం. చచ్చిపోయిన పత్రానికి ప్రాణం పోసింది ఆ రాజు చావే.

లిన్‌లో మధ్యాహ్నం దిగాం. గ్రేట్ ఊజ్ నది బురద రంగులో పారుతోంది. ఒడ్డున పాత గిడ్డంగులు, 17వ శతాబ్దపు కస్టమ్ హౌస్. జాన్ నాటికి ఈ ఊరి పేరు బిషప్స్ లిన్. ఎనిమిదో హెన్రీ కాలంలో కింగ్స్ లిన్ అయింది. 1204లో ఊరికి తన వ్యవహారాలు తాను చూసుకునే హక్కులు రాసిచ్చింది మాత్రం జానే. అందుకే తూర్పు ఇంగ్లండ్ అంతా ఎదురు తిరిగినా ఇక్కడి వర్తకులు అతని వైపే నిలబడ్డారు. రాజు వస్తే విందులు చేశారు. టౌన్ హాల్ మ్యూజియంలో 'కింగ్ జాన్ కప్పు' అని బంగారు పూత వేసిన వెండి పాత్ర ఉంది. ఎనామెల్ పనితనం చూస్తే కళ్లు తిప్పుకోలేం. దాన్ని చేసింది 1340 ప్రాంతంలో, జాన్ పోయిన నూటపాతికేళ్ల తర్వాత. అయినా ఊరు దానికి అతని పేరే పెట్టుకుంది.

ఈ విందుల్లో మితిమీరి తినడం వల్లే జాన్‌కి జబ్బు మొదలైందని కాగషల్ మఠానికి చెందిన రాల్ఫ్ రాశాడు. అతను ఆ కాలంలోనే ఉన్నవాడు. జాన్‌కి అప్పటికి యాభై నిండలేదు.

రెండో రోజు: సముద్రం వెనక్కి వెళ్లిపోయిన చోటు

అక్టోబర్ 12న రాజు లిన్ వదిలాడు. తను విస్‌బెచ్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాడు. సామాను బండ్లు మాత్రం అడ్డదారి పట్టాయి. వెల్‌స్ట్రీమ్ అనే నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఆటు వేళ నీళ్లు తీసినప్పుడు ఇసుక మేటలు బయటపడేవి. వాటి మీదుగా సుమారు ఏడు కిలోమీటర్లు దాటితే అవతలి గట్టు. ఊళ్ల వాళ్లకు అది అలవాటైన దారే. దారి తెలిసిన మనిషి పొడవాటి కర్రతో ఊబి ఎక్కడుందో పొడిచి చూస్తూ ముందు నడవాలి, పోటు తిరిగేలోపు దాటెయ్యాలి.

ఆ రోజు దాటలేకపోయారు. బండ్లు దిగబడ్డాయి, నీళ్లు వచ్చేశాయి. ఎంత పోయిందన్న దాని మీద ఆ కాలపు రాతల్లోనే తేడా ఉంది. రాజు ప్రార్థన మందిరం సామగ్రి, పవిత్ర అవశేషాలు, కొన్ని సామాను గుర్రాలు పోయాయని రాల్ఫ్ అంటాడు. కొన్నేళ్ల తర్వాత రాసిన వెండోవర్ రోజర్ దగ్గరికి వచ్చేసరికి బండ్లు, మనుషులు, ఖజానా, ఒక్కటీ మిగలకుండా నేల నోరు తెరిచి మింగేసింది. జనం రోజర్ మాటే నమ్మారు. జాన్ నిధి కోసం ఇక్కడ వెతకని తరం లేదు. నాకు రాల్ఫ్ రాసిందే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది. ఖజానా మొత్తం పోయి ఉంటే తర్వాతి వారంలో రాసిన రాజు ఉత్తరాల్లో ఆ ఊసు రాకుండా ఉంటుందా?

వాల్‌పోల్ క్రాస్ కీస్ నుంచి సటన్ బ్రిడ్జి మీదుగా లాంగ్ సటన్ వైపు వెళ్లాం. బండ్లు దాటబోయిన మొగ ఇప్పుడు పూర్తిగా పొడి నేల. శతాబ్దాల పాటు గట్లు కట్టి, డ్రెయిన్లు తవ్వి, సముద్రాన్ని కిలోమీటర్ల కొద్దీ వెనక్కి నెట్టేశారు. నల్లటి ఒండ్రు నేల, బంగాళాదుంప, క్యాబేజీ, గోధుమ. కోనసీమలో కాలువ గట్టు మీద పోతున్నట్టే అనిపించింది, నీళ్లు పైన, పొలాలు కింద. కొబ్బరి చెట్లు ఒక్కటే తక్కువ. నెన్ నది మీద 1897లో కట్టిన తిరిగే వంతెన ఉంది. ఓడ వస్తే వంతెన మొత్తం పక్కకి తిరుగుతుంది. 

"అక్కా, ఈ పొలాల కిందే ఉండొచ్చు కదా అదంతా" అన్నాడు తమ్ముడు. ఉండొచ్చు. మీటర్ల మందాన ఒండ్రు పేరుకుంది దాని మీద. నా ఆలోచన మాత్రం ఆ బండ్లు తోలిన వాళ్ల దగ్గరే ఆగిపోయింది. రాజు పోగొట్టుకున్న గిన్నెలు, నగల గురించి ఎనిమిది వందల ఏళ్లుగా రాస్తున్నారు. ఆ బురదలో చనిపోయిన ఒక్క బండివాడి పేరు కూడా ఎవరూ రాసి పెట్టలేదు.

మూడో రోజు: స్వైన్స్‌హెడ్, స్లీఫర్డ్

స్వైన్స్‌హెడ్‌లో చూడటానికి ఏమీ లేదు. రాజు బస చేసిన సిస్టర్షియన్ శాఖ సన్యాసుల మఠాన్ని ఎనిమిదో హెన్రీ మూయించాడు. దాని రాళ్లతో కట్టిన ఇల్లు ఒకటి ప్రైవేటు స్థలంలో ఉంది. రోడ్డు మీద నుంచి చూసి వచ్చేశాం. నిధి పోయిన దిగులుతో జాన్ ఇక్కడ పీచ్ పళ్లు, కొత్తగా పులియబెట్టిన సైడర్ అతిగా తీసుకున్నాడని, దాంతో జ్వరం ముదిరిందని రోజర్ కథనం. తర్వాతి తరాలు ఇంకా ముందుకు వెళ్లి, ఒక సన్యాసి విషం పెట్టాడని చెప్పుకున్నాయి. అతన్ని చంపింది జిగట విరేచనాలు. సైన్యాలు తిరిగే రోజుల్లో శత్రువు కత్తి కన్నా ఎక్కువ మందిని తీసుకెళ్లే జబ్బు అది.

స్లీఫర్డ్ కోటకూ రైల్వే స్టేషన్‌కూ నడక దూరమే. గడ్డి కప్పిన దిబ్బలు, కందకం ఆనవాళ్లు, ఒక మూల విరిగిన గోడ ముక్క. గుర్రం ఎక్కే ఓపిక కూడా పోయిన స్థితిలో రాజు ఇక్కడ ఆగాడు. అక్టోబర్ 15న ఇక్కడి నుంచే కొత్త పోప్ మూడో హొనోరియస్‌కి ఉత్తరం పంపాడు. తనకు నయం కాని జబ్బు చేసిందని, తన వారసుడినీ రాజ్యాన్నీ రోమ్ చర్చి కాపాడాలని వేడుకున్నాడు. ఇదే జాన్ ఏడేళ్ల ముందు చర్చితో గొడవపడి, పోప్ చేత బహిష్కరణకు గురైనవాడు. చావు దగ్గరపడితే మొక్కులు గుర్తొచ్చాయని కొట్టిపారెయ్యలేం. తండ్రిగా అతను చేసిన తెలివైన పని అదే, ఆరో రోజు గ్లాస్టర్‌లో దాని ఫలితం చూడబోతున్నాం.

నాలుగో రోజు: న్యూఆర్క్

ట్రెంట్ నది పక్కన న్యూఆర్క్ కోట గోడ ఒకటి నిటారుగా నిలబడి ఉంది. నది అవతలి ఒడ్డు నుంచి చూస్తే కోట మొత్తం ఉన్నట్టే కనిపిస్తుంది. లోపలికి వెళ్తే తోట. 1646లో అంతర్యుద్ధం అయ్యాక మిగతాదంతా పడగొట్టేశారు. 12వ శతాబ్దంలో లింకన్ బిషప్ అలెగ్జాండర్ కట్టించిన ద్వారం మాత్రం గట్టిగా ఉంది.

16న రాజును ఇక్కడికి పల్లకీ లాంటి దాని మీద మోసుకొచ్చారు. వైద్యం తెలిసిన క్రాక్స్‌టన్ మఠాధిపతి దగ్గరుండి చూసుకున్నాడు. జాన్ చివరి మాటలు రాయించింది ఇక్కడే. ఆ వీలునామా ఇప్పటికీ ఊస్టర్ కథీడ్రల్ గ్రంథాలయంలో ఉంది. ఇంగ్లండ్ రాజుల అసలు వీలునామాల్లో ఇప్పటికి దొరికినవాటిలో అదే పాతది. చాలా చిన్నది. ఆస్తుల పంపకాల వివరాలు లేవు. జబ్బు వల్ల ఒక్కొక్కటీ చెప్పే ఓపిక లేదని, తను నమ్మిన పదమూడు మందికి అంతా అప్పగిస్తున్నానని ఉంటుంది. చర్చికి చేసిన నష్టం తీర్చండి, నా కొడుకులకు రాజ్యం నిలబెట్టడంలో తోడుండండి, నా ఒంటిని ఊస్టర్‌లో సెయింట్ వుల్ఫ్‌స్టన్ దగ్గర పాతిపెట్టండి. ఇంతే.

అక్టోబర్ 18న, అంటే ఆఖరి రోజున, మంచంలో ఉండే జాన్ ఇంకో పని చేశాడు. లింకన్ కోటను కాపాడుతున్న నికొలా డి లా హే అనే పెద్దావిడను, మరొకరితో కలిపి, లింకన్‌షైర్ షెరిఫ్‌గా, అంటే ఆ జిల్లాలో రాజు తరఫు అధికారిగా, నియమించాడు. ఆడవాళ్లకు ఆ పదవి దాదాపు ఊహకు కూడా అందని కాలం. ఆవిడ గురించి లింకన్‌లో చెప్తాను.

ఆ రాత్రి గాలివాన. తెల్లవారేలోపు రాజు పోయాడు. పేగులు తీసి క్రాక్స్‌టన్ మఠానికి పంపారు. నౌకర్లు చేతికందినవి పట్టుకుని పరారయ్యారని, రాజు ఒంటి మీద కప్పడానికి తగిన బట్ట కూడా మిగల్లేదని రాల్ఫ్ రాతల్ని బట్టి తెలుస్తుంది. జాన్ మీద నాకు జాలి లేదు. 1212లో బందీలుగా తెచ్చుకున్న ఇరవై ఎనిమిది మంది వెల్ష్ కుర్రాళ్లను నాటింగ్‌హామ్‌లో ఉరి తీయించాడు. ఒకప్పటి తన సన్నిహితుడి భార్య మటిల్డా డి బ్రియూజ్‌ని, ఆవిడ కొడుకును ఖైదులో తిండి లేకుండా మాడ్చి చంపించాడు. సొంత అన్న కొడుకు ఆర్థర్ అతని చెరలో మాయమయ్యాడు. అయినా ఆ ద్వారం కింద నిలబడ్డప్పుడు, నమ్మిన మనుషులు ఒక్కొక్కరే జారుకున్న ఆ రాత్రి తలుచుకుంటే మనసు బరువెక్కింది.

ఐదో రోజు: ఊస్టర్

న్యూఆర్క్ నుంచి ఊస్టర్‌కి మోటర్‌వే మీద పోతే రెండు గంటల పైమాటే. అప్పట్లో రాజు శవాన్ని కిరాయి సైనికులు ఆయుధాలతో చుట్టూ నడిచి తీసుకొచ్చారు. ఇంత దూరం ఎందుకంటే, జాన్ తన కోసం బ్యూలీలో కట్టించిన మఠం దక్షిణాన శత్రువుల ప్రాంతంలో పడింది. పైగా వుల్ఫ్‌స్టన్ అంటే జాన్‌కి గురి. ఆ బిషప్ సాక్సన్, అంటే పాత ఇంగ్లండ్ జాతివాడు. ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్‌లు వచ్చి దేశాన్ని గెలిచాక కూడా పదవిలో నిలిచినవాడు. పదవి వదిలెయ్యమంటే, తనను నియమించిన రాజు సమాధి దగ్గరే తన దండం పెట్టి, తీసుకోగలిగితే తీసుకోండి అన్నాడని కథ. బిషప్‌ను నిలబెట్టేది రాజే గాని పోప్ కాదని చెప్పడానికి జాన్‌కి ఆ కథ పనికొచ్చింది.

కథీడ్రల్‌లో బలిపీఠం ముందే జాన్ పడుకుని ఉన్నాడు. 1232 ప్రాంతంలో చెక్కిన పర్బెక్ రాతి శిల్పం. ఇంగ్లండ్‌లో మిగిలిన రాజుల సమాధి శిల్పాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. తల పక్కన ఇద్దరు చిన్న బిషప్‌లు ధూపం వేస్తున్నారు, వుల్ఫ్‌స్టన్, ఆస్వాల్డ్. చేతిలో ఒర లేని కత్తి. కాళ్ల దగ్గర సింహం ఆ కత్తి మొనను పళ్లతో కొరికి పట్టుకుంది. శిల్పి మనసులో ఏముందో గాని, నాకు మాత్రం ఆ సింహం బారన్లలాగే కనిపించింది. చాలాసేపు అక్కడే ఉండిపోయాం. 1797లో సమాధి తెరిచి చూశారు. అస్థిపంజరం కొలిస్తే ఐదడుగుల ఆరున్నర అంగుళాలు.

అసలు వీలునామా అందరికీ ఎప్పుడూ చూపించరు. దాని నకలు చూశాను. అరచేతి కన్నా కొంచెం పెద్ద చర్మం ముక్క, చిన్న అక్షరాలు. పదమూడు మంది పేర్లలో విలియం మార్షల్ అనే ముసలి యోధుడి పేరు ఉంది.

ఆరో రోజు: గ్లాస్టర్

రాజు పోయే నాటికి పెద్ద కొడుకు హెన్రీకి తొమ్మిదేళ్లు. లండన్ శత్రువుల చేతిలో, పట్టాభిషేకాలు జరిగే వెస్ట్‌మిన్‌స్టర్ శత్రువుల చేతిలో. కిరీటం పెట్టాల్సిన కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ దేశంలోనే లేడు. డెవైజెస్ కోట నుంచి పిల్లవాణ్ని తీసుకొస్తుంటే మాల్మ్స్‌బరీ దగ్గర మార్షల్ ఎదురెళ్లాడు. అతనికి డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఐదుగురు రాజులను చూసినవాడు. జాన్ చేత అవమానాలు పడ్డవాడు, జాన్‌కి తన కొడుకులను బందీలుగా ఇచ్చినవాడు. నన్ను దేవుడికి, మీకు అప్పగించుకుంటున్నాను అని పిల్లవాడు అంటే ఆ ముసలాయన ఏడ్చాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఏడ్చారు. ఇదంతా మార్షల్ పోయాక అతని కొడుకు రాయించిన జీవిత చరిత్రలో ఉంది. సొంత కొడుకు రాయించాడు కాబట్టి కొంత పొగడ్త ఉంటుంది. ఈ ఘట్టం మాత్రం నేను నమ్ముతాను.

అక్టోబర్ 28న ఇప్పటి గ్లాస్టర్ కథీడ్రల్‌లో, అప్పటికది సెయింట్ పీటర్ మఠం, పట్టాభిషేకం జరిగింది. అసలు కిరీటం లేదు. వాళ్లమ్మ ఇసబెల్లా నగల్లోంచి ఒక పట్టీ తీసి తలకు పెట్టారు. పక్కన పోప్ ప్రతినిధి గ్వాలా నిలబడ్డాడు. స్లీఫర్డ్ ఉత్తరం ఫలించింది ఇక్కడే: పోప్ అండ ఉన్న పిల్లవాడి మీద యుద్ధం చేస్తే అది చర్చి మీద యుద్ధమే. లూయీ వైపు వాళ్లను గ్వాలా అప్పటికే వెలివేశాడు. కథీడ్రల్ రంగుటద్దాల కిటికీలో ఆ పట్టాభిషేకం బొమ్మ ఉంది. బొద్దుగా, బిత్తర చూపులతో పిల్లవాడు.

ఆ రాత్రి రాజ్య భారం మోయమని అందరూ అడిగితే మార్షల్ మొదట వయసు మీదపడిందని వద్దన్నాడు. చివరికి ఒప్పుకున్నాక, లోకమంతా ఈ పిల్లవాణ్ని వదిలేసినా నేను వదలను, భుజాల మీద ఎక్కించుకుని దీవి నుంచి దీవికి తిరుగుతాను, అడుక్కుని అయినా తింటాను అన్నాడట. అక్కడున్న బెంచీ మీద కూర్చుని తమ్ముడికి ఇది చదివి వినిపిస్తుంటే నా గొంతు పట్టేసింది.

నవంబర్ 12న బ్రిస్టల్‌లో మార్షల్, గ్వాలా కలిసి మాగ్నా కార్టాను మళ్లీ విడుదల చేశారు. రాజుకి సొంత ముద్ర లేదు కాబట్టి వీళ్లిద్దరి ముద్రలు వేశారు. రాజు మాట తప్పితే అతని కోటలు లాక్కునే అధికారం పాతికమంది బారన్లకు ఇచ్చిన నిబంధన తీసేశారు. తోటివాళ్ల తీర్పు లేదా దేశ చట్టం ప్రకారం తప్ప ఎవరినీ పట్టి బంధించకూడదన్న మాట ఉంచారు. నా వరకు మాగ్నా కార్టా అసలు పుట్టినరోజు ఇదే. 1215లో శత్రువులు కత్తి చూపించి రాయించుకున్నారు. 1216లో రాజు పక్షమే తనంతట తాను ఇచ్చింది. ఏ పోప్ చెల్లదన్నాడో, ఆ పదవిలో కూర్చున్న తర్వాతి మనిషి ప్రతినిధే దాని మీద ముద్ర వేశాడు. జాన్ ఉండగా ఇది జరిగే పనే కాదు. బారన్లకు ఇక పోరాడటానికి కారణం మిగల్లేదు. వాళ్లకు పగ తండ్రి మీద, తొమ్మిదేళ్ల పిల్లవాడి మీద కాదు. ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు.

ఏడో రోజు: లింకన్

పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి లింకన్ చేరాం. స్టీప్ హిల్ నిజంగానే ఎత్తు. ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. పైన ఒక పక్క కోట, ఎదురుగా కథీడ్రల్.

నికొలా కోట కాపలా పదవిని తండ్రి నుంచి వారసత్వంగా పొందింది. 1191లోనే ఒక ముట్టడిని తట్టుకుంది. 1216లో జాన్ వచ్చినప్పుడు తాళాలు చేతికిచ్చి, వయసు అయిపోయింది, ఇక నావల్ల కాదు అంది. ఉంచుకో అమ్మా, నేను చెప్పేదాకా అన్నాడు రాజు. 1217లో ఊరంతా లూయీ సైన్యం చేతిలో ఉంది. బయట రాతి గుండ్లు విసురుతున్నారు. అరవై దాటిన ఆ తల్లి కోటను వదల్లేదు. మే 20న మార్షల్ నాలుగు వందల మంది నైట్లతో, అంటే గుర్రపు యోధులతో, వచ్చాడు. హెల్మెట్ పెట్టుకోకుండానే గుర్రాన్ని దూకించబోతే ఒక కుర్రాడు గుర్తు చేశాడట. గోడల మధ్య సందుల్లో యుద్ధం. ఫ్రెంచ్ సేనాని పెర్ష్ కౌంట్ కథీడ్రల్ ముందే పడిపోయాడు. గెలిచినవాళ్లు ఊరిని దోచుకుని దానికి 'లింకన్ సంత' అని పేరు పెట్టుకున్నారు. తప్పించుకోబోయిన ఆడవాళ్లు, పిల్లలు పడవలు మునిగి నదిలో చనిపోయారు. గెలుపు కథల్లో ఇది ఎప్పుడూ ఒక వాక్యంతో సరిపెడతారు. నేనూ అంతకన్నా చెప్పలేకపోతున్నాను.

ఆగస్టులో శాండ్‌విచ్ దగ్గర సముద్రం మీద లూయీ ఓడలు కూడా ఓడిపోయాయి. సెప్టెంబర్‌లో అతను పది వేల మార్కుల సొమ్ము తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

కోట లోపల నేలమాళిగలో, మసక వెలుతురులో రెండు పత్రాలున్నాయి. 1215 మాగ్నా కార్టా నకళ్లు లోకంలో నాలుగే, అందులో ఒకటి ఇది. పక్కనే 1217 నవంబర్ నాటి అటవీ పత్రం. యుద్ధం ముగిశాక ఇచ్చింది. మాగ్నా కార్టాకు 'పెద్ద పత్రం' అన్న పేరు వచ్చిందే ఈ రెండోదాని నుంచి వేరు చేసి చెప్పడానికి. జనమంతా మొదటిదాని ముందు మూగారు. నాకు రెండోదే ముఖ్యం అనిపించింది. రాజుగారి అడవిలో జింకను వేటాడినందుకు ఇకపై ఎవరికీ ప్రాణం గాని, కాళ్లూ చేతులూ గాని తీయకూడదని ఇందులో ఉంది. రాజులు అన్యాయంగా అడవిలో కలుపుకున్న భూములు వదిలేయాలని, స్వతంత్రులు తమ సొంత అడవిలో పందులు మేపుకోవచ్చని, తేనె తీసుకోవచ్చని ఉంది. 1971 దాకా ఇది చట్టంలో ఉంది. మరి ఇదే దేశం 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చి మన్యంలో పోడుకు అడ్డం పడింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు లేచిన కారణాల్లో అది ముఖ్యమైనది. తమ అడవి తమకు కావాలని సొంత రాజుతో కొట్లాడి గెలిచిన వాళ్ల వారసులు, చింతపల్లిలో అదే మాట అన్నవాళ్ల మీద తుపాకులు పేల్చారు. ఆ గాజు పెట్టె ముందు నాకు కోపం వచ్చింది, దాచుకోను.

నికొలాకు ఇంత చేసినందుకు దక్కిందేమిటంటే, యుద్ధం అయిన నాలుగు రోజులకే రాజు బాబాయి సాలిస్‌బరీ ఎర్ల్ ఆవిడ షెరిఫ్ పదవి లాక్కున్నాడు. ఆవిడ ఊరుకోలేదు, కోర్టుకు వెళ్లి తేల్చుకుని, కోటను తన చేతిలోనే ఉంచుకుంది. 1226లో గాని తాళాలు వదల్లేదు. 1230లో స్వేటన్ అనే పల్లెలో పోయింది. అది మా తిరుగు దారికి దగ్గరే. రేపు పొద్దున ఆ ఊరి చర్చి దగ్గర ఆగి పీటర్‌బరో వెళ్తాం.